చలువ పలక

దీపాల కింద చెయ్యి పెట్టమన్నారు వారిజ గారు. పెట్టాను.

ముందురోజు అదే చోట పెడితే చెయ్యి నిలవలేదు. గాజు తొట్టి మీద గొలుసులతో వరసగా వేలాడదీసిన దీపాలవి. కళ్ళు మూసుకున్నా రెప్పల వెనక ఎర్రగా కనపడేటంత వెలుతురు. ఆ వేళ దీపాలకీ నీళ్ళకీ మధ్య ఆవిడ ఒక పలక అడ్డం పెట్టారు. గాజులా ఉంది గాని గాజు కాదు. అంచు వైపు నుంచి చూస్తే బియ్యం కడిగిన నీళ్ళ రంగు. పైనుంచి చూస్తే అసలేమీ లేనట్టు. వెలుతురు మొత్తం కిందికి దిగుతోంది. నా చేతి మీద వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనపడుతున్నాయి. వేడి మాత్రం లేదు.

"ఎలా ఉంది?" అన్నారు.

"సల్లగున్నాదండి."

"ఇప్పుడు పలక మీద పెట్టి చూడండి."

పలకా చల్లగానే ఉంది. దీపాల వేడి నీళ్ళలోకి దిగలేదు, పలకలోనూ ఆగలేదు.

"మరి ఆ యేడి ఏటయిపోనాదండి?"

ఆవిడ నవ్వబోయి ఆగారు. "అదే తెలియడం లేదు తవిటయ్య గారూ. పోవడం మాత్రం పోతోంది."

మా ఊరు పెదగెడ్డపేట. ఊరు దాటితే జీడితోటలు, అవి దాటితే సరుగుళ్ళు, సరుగుళ్ళకి అవతల ఇసకమెట్ట మీద వారిజ గారి ప్రయోగశాల. తొట్టిని చూసుకోవడం నా పని. పగడమంటే మా ఆడవాళ్ళు పుస్తెల పక్కన గుచ్చుకునే ఎర్రపూస అనే నాకు తెలుసు. అది కంటికి ఆనని జీవాలు కట్టుకున్న గూడని, వెలుతురు తిని బతుకుతుందని, నీళ్ళు రవ్వంత వేడెక్కినా తెల్లబడి చచ్చిపోతుందని అక్కడ చేరాకే తెలిసింది. సముద్రాలు వేడెక్కి పగడాలు పోతున్నాయట. విత్తనాలు దాచినట్టు కొన్నిటిని ఇక్కడ దాచి, పెంచి, మళ్ళీ సముద్రంలో నాటాలని ఆవిడ పట్టుదల. వాటికి మిట్టమధ్యాహ్నపు ఎండంత వెలుతురు కావాలి. వెలుతురు పెడితే వెనకే వేడి వస్తుంది.

ఆ వేడితో చాలా తిప్పలు పడ్డాం. గొలుసులు లాగి దీపాలు పైకెత్తాం. నీళ్ళు చల్లబడ్డాయి గాని వెలుతురు చాలక పగడాలు బురదరంగుకి తిరిగాయి. మళ్ళీ దించి, తొట్టి మీది అద్దం మూత తీసేసి, నీళ్ళ మీదుగా గాలి కొట్టేట్టు ఫ్యాన్లు పెట్టాం. నీళ్ళు చల్లబడ్డాయి గాని ఆవిరైపోయి ఉప్పు ముదిరేది. పొద్దున్నా సాయంత్రం నేను మంచినీళ్ళు పోసి తొట్టి గీతదాకా తెచ్చేవాణ్ణి. తరవాత చల్లబరిచే యంత్రం ఒకటి తెప్పించారు. మా ఊరి కరెంటుకి అది తిరిగినదానికన్నా ఆగింది ఎక్కువ.

అప్పుడావిడ కొన్ని నెలలు కనపడకుండా పోయి, ఎక్కడో కొలిమిలో పోయించిన ఈ పలక తీసుకొచ్చారు. తలుపంత పలక. తొట్టి కొలతకి కోస్తుంటే అంచులు అడ్డదిడ్డంగా పగిలాయి.

"ఆ ముక్కలు పనికిరావు, పారేయండి" అన్నారు.

వెనక చెత్తకుప్ప మీద పారేశాను. ఆ వారమంతా ప్రయోగశాల కుక్క పగలు ఆ కుప్ప మీదే పడుకుంది. చలికాలం, పక్కనే ఎండ కాస్తూ ఉంది, ఇది పోయి నీడలో ముడుచుకుందేమిటా అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

బల్లపరుపుగా, నున్నగా ఉన్న వస్తువు చెత్తకుప్ప మీద ఎన్నాళ్ళుంటుంది? సరుగుడాకు ఊడ్చుకోడానికి వచ్చిన ఆడవాళ్ళు కుండ మీదకి మూతనీ, కోళ్ళగూటికి తలుపనీ తలా ఒకటి పట్టుకుపోయారు. పీటంత ముక్కొకటి నేనూ ఇంటికి తెచ్చాను.

నా భార్య రాజులమ్మ దాన్ని తోడేసిన పాలకుండ మీద మూత పెట్టింది. మర్నాటికి గాని తోడుకోని రోజులు. మధ్యాహ్నానికే పెరుగు గడ్డలా తీసి వడ్డించింది.

"ఒట్టి పలక ఇంత ఎచ్చగున్నాదేటయ్యా?"

"ఎండ తగిలుంటాది."

"వంటింట్లో ఎండేటి, నీ మొకం."

పెరుగు బాగుంది. ఇంకాస్త వేయించుకున్నాను.

*

మా అమ్మాయి రోహిణి పురిటికి వచ్చి ఉంది. అల్లుడు ఎక్కడో దూరాన వేరావల్ రేవు బోట్ల మీద చేపల వేటలో ఉన్నాడు. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. టౌను ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. రెండు అరచేతులు కలిపి పడితే అందులో సరిపోయేట్టుంది. దాన్ని గాజు పెట్టెలో పెట్టారు. పైన దీపం. అద్దానికి ఇవతల నిలబడి చూశాను. అచ్చం మా తొట్టిలాగే ఉంది. తేడా ఒక్కటే. అక్కడ వెలుతురు కోసం దీపాలు పెట్టి వేడిని తరిమేవాళ్ళం. ఇక్కడ వేడి కోసమే దీపం పెట్టారు.

నాకు ముందు ఇద్దరు పుట్టి పోయారట. నేను పుట్టగానే మా అమ్మ నన్ను చాటలో పెట్టి పక్కింటావిడకి ఇచ్చేసి, గుప్పెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది. ఈ పేరు అలా వచ్చింది.

"దీన్ని కూడా తవుడికి ఇచ్చి తెచ్చుకుందామేటి?" అంది రాజులమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూచుని.

"ముందు బతకనీ."

బతికింది. ఇంటికి పంపేటప్పుడు నర్సు గట్టిగా చెప్పింది. "ఒళ్ళు చల్లబడకూడదు. తల్లి గుండెలకి ఆనించి పడుకోబెట్టండి. కుంపట్లూ గట్రా పెట్టారంటే పొగకి పాపకి ఊపిరాడదు, చెప్తున్నాను."

"బాలింత మంచం కింద కుంపటి నేకపోతే ఎలగ? తల్లికి వాతం సెయ్యదా?" అని దారంతా గొణుగుతూ వచ్చింది రాజులమ్మ. ఇంటికి రాగానే ఆమె చూపు పాలకుండ మీద పడింది. పలక తీసింది. పొగ లేదు, బూడిద లేదు, నిప్పురవ్వ ఎగిరి నులకకి అంటుకుంటుందన్న భయం లేదు. రోహిణి మంచం కింద ఇటకలు పేర్చి వాటి మీద పెట్టింది.

"సూసినావా? దేవుడిచ్చిన కుంపటి."

పగలు పిల్ల బాగుండేది. పాలు తాగేది, కాళ్ళు జాడించేది, బుగ్గల్లోకి రంగు వచ్చేది. చీకటి పడ్డాక చల్లబడిపోయేది. ఎన్ని చీరలు చుట్టినా పొద్దుటికి పెదాలు నేరేడుపండు రంగు. పాలకి ఏడ్చే ఓపిక కూడా ఉండేది కాదు. మళ్ళీ పొద్దెక్కేసరికి తేరుకునేది.

రాజులమ్మ దిష్టి తీసింది. ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో వేస్తే ముక్కు మండే కోరు వచ్చింది, రాలేదు అని తల్లీకూతుళ్ళు వాదించుకున్నారు. పక్కవీధి ముసలమ్మ చూసి పక్షిదోషమంది. తాయెత్తు కట్టించాం.

"సల్లన్నం తిన్నావేటే? నిజం సెప్పు" అని రోహిణి మీద విరుచుకుపడింది తల్లి.

"నువ్వెట్టిన కారప్పొడి తప్ప ఇంకేటి తిన్నానే నాను? నా గుండెలకి ఆనించుకుంటానంటే ఇవ్వవు గదా."

"పచ్చి బాలింతవి. పడుకో."

ఇంట్లో వెచ్చటి వస్తువు అదొక్కటే గనక, పిల్ల చల్లబడిన కొద్దీ పలకని దగ్గరికి జరిపింది రాజులమ్మ. మొదట మంచం కింద ఉండేది. తరవాత మంచం మీద, పిల్ల పక్కన. ఆ తరవాత పాతచీర మడతలో చుట్టి సరిగ్గా పిల్ల వీపు కింద. జరిపిన ప్రతిసారీ రాత్రి చలి ఇంకాస్త ఎక్కువైంది. పలక కూడా రాత్రిళ్ళు చల్లగానే ఉంటుందని మాకు తెలుసు. కుంపటి కూడా తెల్లారేసరికి చల్లారుతుంది గదా అనుకున్నాం.

*

ప్రయోగశాలలో వారిజ గారికి ఇంకో తిక్క పట్టుకుంది.

పగలు దీపాలన్నీ వెలుగుతున్నంతసేపూ తొట్టి చల్లగా ఉండేది. రాత్రి దీపాలు ఆపాక, గాలి చల్లబడ్డాక, నీళ్ళు కొద్దిగా వేడెక్కేవి. ఎంతో కాదు. నేను వేలు పెడితే తెలిసేది కాదు, ఆవిడ వేడి కొలిచే ముల్లుకి తెలిసేది. నీళ్ళు తిప్పే మోటారు వేడేమోనని దాన్ని తీసి బయట పెట్టించారు. ముల్లు తప్పేమోనని కొత్తది తెచ్చారు. గోడ వేడి విడుస్తోందేమోనని తొట్టిని మధ్యకి జరిపించారు. ముగ్గురు పట్టినా కదలని తొట్టి. రాత్రి వేడెక్కడం మానలేదు. ఒక చివర నాలుగు పగడాలు అంచుల్లో తెల్లబడ్డాయి.

"దీపాలున్నప్పుడు చల్లగా, లేనప్పుడు వెచ్చగా. ఇదేం లెక్క తవిటయ్య గారూ?" తల పట్టుకుని నేల మీదే కూచున్నారు.

మా ఇంట్లో కూడా అలాంటి తిరకాసే నడుస్తోంది. కాని అది పక్షిదోషం, ఇది సైన్సు. రెండూ ఒకచోట పెట్టి చూడాలని నాకు తోచలేదు.

"పాప ఎలా ఉంది?" అనడిగారు.

"పగలు బాగుంటందండి."

"రాత్రిళ్ళు?"

"అంతంత మాత్రం."

ఆవిడ కాసేపు నా వంక చూశారు. ఏదో అడగబోయి, ముల్లు వంక తిరిగారు.

తరవాత వాయుగుండం పట్టింది. పొద్దుటి నుంచీ వాన, ఈదురుగాలి. మధ్యాహ్నం కరెంటు పోయింది. దీపాలు ఆరిపోయాయి. తెరిచిన కిటికీలోంచి జల్లు కొట్టి తొట్టి గది మంచులా ఉంది. జనరేటరు తాడు లాగి లాగి నా భుజం నొప్పెట్టింది, అది దగ్గడమే గాని అంటుకోలేదు. నీళ్ళు మరీ చల్లబడినా పగడాలకి ముప్పే. వారిజ గారు ముల్లు చూస్తూ పెదవి కొరుక్కుంటున్నారు.

ఆ వానలో జీడితోట దారమ్మట రాజులమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతుల్లో గోనెపట్టా కప్పిన మూట. వెనకాల రోహిణి, చెప్పులు లేకుండా, గోడ పట్టుకుని రొప్పుతూ.

"మేడమ్మా, మీ జీపు కావాలమ్మా! గుంట సల్లబడిపోతంది. పట్టపగలు సల్లబడిపోతంది. ఉలకదు, పలకదు!"

వారిజ గారు మూట అందుకుని బల్ల మీద పెట్టి చీరలు విప్పడం మొదలుపెట్టారు. పిల్ల మైనం బొమ్మలా ఉంది. వీపు కింద చెయ్యి దూర్చి ఎత్తబోయి ఆగారు.

"ఏమిటిది?"

"పలకమ్మా. ఎచ్చదనానికని."

"ఇది ఇక్కడిది కదా?"

"మీరు పారీమన్నదేనండి" అన్నాను.

"ఎంత చల్లగా ఉందో..." అంటూ ఉన్నారు. నేను ఇంకోసారి తాడు లాగాను, ఈసారి జనరేటరు అంటుకుంది. దీపాలు భగ్గున వెలిగాయి. ఆవిడ చెయ్యి ఇంకా పలక మీదే ఉంది. ఆవిడ మొహం మారడం చూశాను.

"దీపాలు ఆపండి."

ఆపాను.

"వెయ్యండి."

వేశాను.

"ఆపండి. ఆపండి!"

పామును లాగినట్టు పిల్ల కింది నుంచి పలక లాగి నేల మీద పెట్టారు. రోహిణి జాకెట్టు తడిసి ఉంది. ఆవిడే దాన్ని విప్పించి, తన పొడి శాలువా తెచ్చి, పిల్లని రోహిణి రొమ్ముల మధ్య పెట్టి ఇద్దరికీ కలిపి చుట్టారు. రోహిణి రెండు చేతులూ వేసి గట్టిగా పట్టుకుంది.

"ఏటయినాదమ్మా?" అంది రాజులమ్మ.

వారిజ గారు తొట్టి మీది పలక వైపు చూపించారు. "అట్లపెనం ఒక పక్క నిప్పు మీద ఉంటే రెండో పక్క కాలదూ? అలాగ. మనం ముక్కలు చేశాం గాని ఇది ముక్కలు కాలేదు. తొట్టి మీద ఉన్నదీ మీ ఇంట్లో ఉన్నదీ ఒకటే పలక. పగలు నా దీపాల వేడి మీ ఇంటికొచ్చింది."

"రాత్రి?"

"రాత్రి దీపాలు ఉండవు. నా నీళ్ళు పాప ఒంటికన్నా చల్లన. వెచ్చటి చోటు నుంచి చల్లటి చోటికి పోతుంది వేడి."

రాజులమ్మ తొట్టి వంక చూసింది.

"అంటే నా గుంట ఒంట్లో యేడి మీ సేపలు తాగేసినాయా?"

తొట్టిలో చేపలు లేవు. ఆ మాట ఎవరం అనలేదు.

జీపు టౌను చేరకముందే రోహిణి "ఏడుస్తంది, అమ్మా, ఏడుస్తంది" అంది. తను కూడా ఏడుస్తోంది. రాజులమ్మ కిటికీ వైపు మొహం తిప్పుకుని కూచుంది. నెల రోజులుగా ఆ పలకని తన చేత్తోనే జరుపుతూ వచ్చింది.

*

పిల్ల నిలబడింది. వారిజ గారు మా ఊరి ఇల్లిల్లూ తిరిగారు, వెనక నేను.

"పాత పలకలు తిరిగిచ్చేయండమ్మా, ప్రమాదం" అంటే ఒకావిడ తలుపు దగ్గర అడ్డం నిలబడింది.

"పారేసినప్పుడు ప్రమాదం కాదు గాని నాను మూతెట్టుకున్నాకే ప్రమాదం అయినాదేటి?"

"మీ కుండలో పాలు ఎప్పుడైనా రాత్రిపూట చల్లబడిపోయాయా?"

"ఓలప్పా! ఆ సంగతి మీకెలగ తెలుసు?"

పొదుగుడు కోడి గుడ్లు మురిగిపోయాయని ఒకరు, పిల్లి దాని మీద పడుకోవడం మానేసిందని ఒకరు చెప్పుకుంటూ తెచ్చిచ్చారు. అన్నీ తెచ్చి ప్రయోగశాల వరండాలో పరిచాం. పగిలిన కుండ పెంకులు అతికించినట్టు ఆవిడ మోకాళ్ళ మీద కూచుని ఒక్కో ముక్కా అంచుకి అంచు చేర్చారు. తొట్టి మీది పెద్ద పలక మధ్యలో, చుట్టూ ముక్కలు. సాయంత్రానికి తలుపు ఆకారం తేలింది.

ఒక మూల ఖాళీ మిగిలింది. చాటంత ఖాళీ.

మళ్ళీ ఊరు తిరిగాం. చివరింటి ముసలమ్మ ఒప్పుకుంది. తన ముక్కని సైకిలు మీద పాత సామాన్లు కొనేవాడికిచ్చి ఉల్లిపాయలు తీసుకుందట. అతన్ని రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర పట్టుకున్నాం. మొదట గుర్తు లేదన్నాడు.

"ఎచ్చగా ఉండే పలక" అన్నాను.

"ఓ, అదా? ఎచ్చగా ఉన్నాదని సెప్పే అమ్మినాను బావూ, అబద్ధం ఆడనేదు. సంతలో ఒకామె తీసుకున్నాది."

"ఏ సంతలో?" అన్నారు వారిజ గారు.

"పది సంతలు తిరుగుతానమ్మా. ఏదని సెప్పను?"

"ఆమె ఎవరో..."

"సంకలో బిడ్డ ఉన్నాది. అంతే తెలుసు."

ఆ వారం సంతలన్నీ తిరిగాం. మైకులో చెప్పించాం. వెచ్చటి పలక ఉన్నవాళ్ళు ఇస్తే కొన్న ధరకి రెండింతలు ఇస్తామంటే గాజుపలకలు, రాతిపలకలు, ఒకతను పగిలిన టీవీ అద్దం కూడా తెచ్చాడు. మా ముక్క రాలేదు.

ఆ రోజుల్లోనే రాజులమ్మ మళ్ళీ ప్రయోగశాలకి వచ్చింది. వారిజ గారితో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్న మనిషి, చెంబుతో గంజి తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. "తిండి మానేసినారట. మా ఆయన సెప్పడు గాని మొకం సూస్తే తెలుస్తాది." అని వరండాలో పరిచిన పలకల వంక చూసింది. "వీటినేటి సేస్తారు?"

"తెలియడం లేదు."

"ఇరగ్గొట్టి పారెయ్యండి."

"విరిగితే ఇంకో రెండు ముక్కలవుతుంది రాజులమ్మ గారూ. పలక అదే."

"కొలిమిలో ఎయ్యండి."

"కొలిమి వేడంతా ఆ బిడ్డ కిందకి పోతుంది."

"సముద్రంలో పారేస్తే?"

"సముద్రం ఎంత చల్లనో మీకు తెలుసు కదా."

"పాతిపెడితే?"

"నేల కూడా చల్లనే."

ఎండలో పెడితే కాలుతుంది, నీడలో పెడితే లాగుతుంది. దీపాలు వేసినా ఎవరికో ముప్పు, ఆపినా ముప్పు. అక్కడ పరిచి ఉంచిన ఆ క్షణంలో కూడా వరండా గచ్చు చల్లదనం ఎక్కడో ఎవరి వీపుకో తగులుతూనే ఉంది. ముగ్గురికీ ఒకేసారి తట్టినట్టుంది. రాజులమ్మ గబగబా కొంగు తీసి దగ్గరున్న ముక్క మీద కప్పింది. కొంగు కప్పితే ఏమొస్తుందో ఆమెకీ తెలియదు.

"మనిషి ఒంటి వేడి దగ్గర ఉంచాలి" అన్నారు వారిజ గారు నెమ్మదిగా. "అంతకన్నా ఎక్కువా కాదు, తక్కువా కాదు. అప్పుడు అటూ పోదు, ఇటూ రాదు."

ఆ రోజే పాత చేపల పెట్టె కడిగి, గోరువెచ్చటి నీళ్ళు పోసి, నీళ్ళు ఒంటి వేడి దగ్గర ఆగేట్టు చిన్న హీటరు అమర్చారు. పెద్ద పలకని కూడా దాంట్లో పట్టేట్టు విరగ్గొట్టారు. ముక్కలన్నీ అందులో మునిగాయి. తొట్టి మీద పలక లేదు. దీపాలు మళ్ళీ పైకెత్తాం. ఫ్యాన్లు పెట్టాం. ఉప్పు ముదరకుండా పొద్దున్నా సాయంత్రం నేను మంచినీళ్ళు పోస్తున్నాను. పగడాల్లో సగం తెల్లబడ్డాయి. మిగతా సగం ఏ రంగుకి తిరుగుతాయో చూస్తున్నాం.

పై అధికారులు ఫోను చేశారు. ఆవిడ వరండా చివర నిలబడి మాట్లాడారు. "లేదండీ. పని చెయ్యలేదు. అవును, అంతా వృథా. నాదే పొరపాటు" అన్నారు. ఫోను పెట్టేశాక నేనున్నానని చూశారు.

"పని చేసిందంటే ఎన్ని పలకలు పోస్తారో, ఎన్ని ముక్కలు చేస్తారో తవిటయ్య గారూ."

"మీ ఉద్యోగమండి?"

ఆవిడ ముల్లు వంక చూశారు. తొట్టిలో ముల్లు కాదు, చేపల పెట్టెలో ముల్లు.

*

మా ఊరి కరెంటు సంగతి చెప్పాను కదా. అది పోయినప్పుడల్లా పెట్టెలో నీళ్ళు చల్లారడం మొదలవుతుంది. జనరేటరు ఒక్కోసారి అంటుకుంటుంది, ఒక్కోసారి అంటుకోదు. అందుకని కరెంటు పోతే ముక్కలన్నీ తీసి, తుడిచి, బొంతలో చుట్టి ఒంటికి ఆనించుకుంటాం. వారిజ గారు కొంతసేపు, నేను కొంతసేపు. నేను ఇల్లు చేరే వేళయితే మూట నాతోనే ఇంటికి వస్తుంది. మా అమ్మాయికి మాత్రం ఇవ్వం. అడిగింది గాని ఇవ్వలేదు.

మొన్న సాయంత్రం కూడా అలాగే కరెంటు పోయింది. అరుగు మీద వెనక్కి వాలి, చొక్కా విప్పి, మూట పొట్ట మీద పెట్టుకుని బొంత కప్పుకున్నాను. రోహిణి గుమ్మంలో కూచుని పిల్లకి పాలిస్తోంది. దాని బుగ్గలిప్పుడు సాయంత్రం కూడా ఎర్రగానే ఉంటున్నాయి.

రాజులమ్మ చేపలు తోముతూ తలెత్తింది. "ఏటయ్యా, నీకెన్నో నెల?"

"నాయినకి తొమ్మిదీ నిండిపోనాయే" అంది రోహిణి.

ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను గాని పొట్ట కదలనివ్వలేదు.

ఎందుకంటే పలకలో ఒక మూల వెచ్చబడింది. నా ఒంటి వేడి కాదు, నా వేడి నాకు తెలుస్తుంది. అరచేతి కన్నా కొంచెం పెద్ద మేర. మెల్లిగా పరుచుకుని ఒకచోట ఆగింది. కాసేపటికి పక్కకి జరిగింది, ఒత్తిగిల్లినట్టు. ఎక్కడో ఎవరో బిడ్డని పడుకోబెట్టారు.

కిందటిసారి కన్నా వెచ్చగా అనిపించింది. జ్వరమేమో. ఎండలోంచి ఎత్తుకొచ్చి పడుకోబెట్టారేమో. నా ఒళ్ళే చల్లబడిందేమో. ఎవర్ని అడగను? ఆ ఊరి పేరేమిటో, అది ఆడో మగో, దానికి పేరు పెట్టారో లేదో.

కరెంటు వచ్చింది. ఇంట్లో దీపం వెలిగింది.

"ఇంక లెగు. అన్నం సల్లారిపోతంది" అంది రాజులమ్మ.

"పడుకున్నాది" అన్నాను.

రాజులమ్మ ముందు రోహిణి ఒళ్ళో పిల్ల వంక చూసింది. అది కళ్ళు తెరుచుకుని దీపం చూస్తోంది. తరవాత నా పొట్ట మీది మూట వంక చూసింది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, లోపలికెళ్ళి ఇంకో బొంత తెచ్చి నా మీద కప్పింది.